ఇంద్రియాల సాక్ష్యమూ, ఇంజను డ్రైవరు బాధ్యతా

ధర్మవరం జంక్షనులో మన బండి నిలబడి వుంటుంది. పక్క పట్టాల మీది బండి మెల్లగా కదులుతుంది. మనమే కదిలామనుకుంటాం. కన్ను కదిలామంటుంది, కూర్చున్న బల్ల ఏ కుదుపూ తెలియజేయదు, అయినా క్షణకాలం కన్నే నెగ్గుతుంది. ఇటువంటి అనుభవాలను పట్టుకునే భావవాదులు తరతరాలుగా ఒకే మాట చెబుతున్నారు: ఇంద్రియాలు మోసగిస్తాయి, కనుక జగత్తు మిథ్య అని. కాని ఆ భ్రమను పోగొట్టినదేది? ధ్యానం కాదు, అవతలి కిటికీలోంచి కనిపించిన ప్లాట్‌ఫారం స్తంభం. ఒక సాక్ష్యాన్ని మరొక సాక్ష్యం సరిదిద్దింది.

మనవాళ్లు ఇంద్రియాలు ఐదన్నారు. లోపలి చెవిలోని గతీంద్రియం ఆ లెక్కలోకి రాలేదు. అక్కడి మూడు అర్ధవర్తుల కుల్యలు తల తిరుగుడును పట్టుకుంటాయి. సున్నపు రేణువులున్న రెండు చిన్న సంచులు వంపునూ, వేగంలోని హెచ్చుతగ్గులనూ పట్టుకుంటాయి. అయితే వేగం మారకుండా సూటిగా సాగే బండిలో ఇవేవీ పలకవు. గంటకు నూరు కిలోమీటర్ల పరుగూ, నిశ్చలస్థితీ చెవికి ఒకటే.

ఈ సంగతిని 1870లలో తేల్చినవారిలో ఎర్నెస్ట్ మాఖ్ ఒకడు. రైలు మలుపు తిరిగేటప్పుడు ఇళ్లూ చెట్లూ ఒరిగినట్లు కనిపించడం గమనించి, అతడు ప్రయోగాలకు పూనుకున్నాడు. 1875లో పుస్తకం రాశాడు. ఆ మాఖే తరువాత వస్తువులంటే సంవేదనల సముదాయాలన్నాడు. 1909లో లెనిన్ ప్రచురించిన విమర్శ ఈ తత్వం మీదనే. మనలో కొందరు లెనిన్ పేరు చెప్పి మాఖ్ ప్రయోగాలను కూడా చదవడం మానేశారు. ఇది సోమరితనమే తప్ప భౌతికవాదం కాదు. తిరిగే కుర్చీ, కుల్యలోని ద్రవం, శరీరం మీది బరువు — మాఖ్ ప్రయోగశాల మాఖ్ తత్వానికి ఎదురు సాక్ష్యం చెబుతూనే వుంది.

నేటి పరిశోధకులు మెదడు చేసే పనిని తూకంతో పోలుస్తున్నారు. ఏ ఇంద్రియం వార్తలో అస్పష్టత తక్కువో దానికి ఎక్కువ బరువు. 2002లో ఎర్న్‌స్ట్, బ్యాంక్స్ అనే ఇద్దరు, కన్నూ చెయ్యీ కలిసి ఒక వస్తువు ఎత్తును అంచనా కట్టే తీరులో ఈ లెక్కను చూపించారు. చీకటిలో కంటి బరువు పడిపోతుంది. అప్పుడు మిగతా ఇంద్రియాల మీద భారం వేయాలి. అవి పలకని చోట ఏం చేయాలి?

2012 మే 22 తెల్లవారుజామున, ధర్మవరం నుంచి హిందూపురం పోయే ఈ మార్గంలోనే, బెంగుళూరు వెళుతున్న హంపీ ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషనులో నిలిచివున్న గూడ్సు బండిని ఢీకొంది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదం కారణాలను ఇక్కడ విచారించబోవడం లేదు. కాని ఎక్కడ ఏ ప్రమాదం జరిగినా వినవచ్చే ‘మానవ తప్పిదం’ అనే మాటను మాత్రం విచారించాలి. ఏ మానవుడు? రాత్రి మూడు గంటలకు ఇంజనులో వున్నవానికి లోపలి చెవి వేగం చెప్పదు; కంటికి దీపం వెలుగు పడినంత మేరే లోకం. అతనికి మిగిలినవి వేగమాపకం ముల్లు, సిగ్నలు, పట్టాల చప్పుడు, ఏళ్ల అలవాటు.

అయితే ఇంద్రియాలన్నీ నియమబద్ధమే కనుక ఎవరికీ బాధ్యత లేదందామా? అది యాంత్రిక భౌతికవాదం. డ్రైవరు జడపదార్థం కాదు. చప్పుడును బట్టి వంతెననూ మలుపునూ గుర్తుపట్టే నేర్పు అతను పనిలో సంపాదించుకున్నాడు. ఆ నేర్పు మేరకు అతను జవాబుదారీయే. కాని తన ఇంద్రియాల హద్దును అతను ఒంటరిగా దాటలేడు. ఆ హద్దు తెలిసీ అతని డ్యూటీ గంటలు నిర్ణయించేవారి జవాబుదారీ అతనిదానికంటె పెద్దది.

ఎర్ర దీపం దాటబోయే బండికి తనంతట తానే బ్రేకు వేసే ‘కవచ్‌’ను రైల్వేలు జాతీయ వ్యవస్థగా స్వీకరించింది 2020లో. దానిని ముందు ఏ మార్గాన అమర్చాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్న నిర్ణయాలు చేసేది మాత్రం పగటి వెలుతురులో, కదలని కుర్చీలలో కూర్చున్నవారు.