ముందే చెల్లించిన సర్వీసు - చేతులు మారిన అమానత్

పాత కారు కొనడం నేడు మన కుటుంబాలలో వింతేమీ కాదు. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి శ్రమించి తిరిగొచ్చిన సోదరుడు, వ్యాపారంలో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న యువకుడు ఒక బెంజో, బి.ఎం.డబ్ల్యూనో కొత్తది కొనలేకపోయినా, నాలుగేళ్ళు వాడినది తక్కువ ధరకు దొరికితే ఆశపడతారు. బేరం కుదిరే వేళ అమ్మేవారి నోట తరచూ ఒక మాట వినిపిస్తుంది: "సర్వీసు ప్యాకేజీ ఇంకా ఉంది భాయ్, మీకు ఖర్చే లేదు."

తీరా బండిని వర్క్‌షాపుకు తీసుకెళితే, గడువు ముగిసిందనో, బ్రేక్ ప్యాడ్లు ఇందులోకి రావనో సమాధానం వస్తుంది. బిల్లు చేతికొస్తుంది. కొన్నవారు అమ్మినవారిని, అమ్మినవారు కంపెనీని నిందిస్తారు. నిన్నటి వరకు సలాం చెప్పుకున్న ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతాయి. ఇక్కడ ధర్మం ఎవరి పక్షాన ఉంది?

ముందుగా ఆ ప్యాకేజీ ఏమిటో తెలుసుకుందాం. దానికి సాధారణంగా రెండు హద్దులుంటాయి: ఇన్నేళ్ళు, ఇన్ని కిలోమీటర్లు. ఏది ముందు పూర్తయితే అక్కడితో సరి. ఐదేళ్ళు లేదా 60,000 కిలోమీటర్ల ప్యాకేజీ ఉన్న కారు 30,000 మాత్రమే తిరిగినా, ఐదేళ్ళు దాటితే అందులో మిగిలేది శూన్యం. అలాంటప్పుడు "సగం మిగిలే ఉంది" అనడం అంకెల్లో నిజం, అర్థంలో అబద్ధం. ఇక ఆయిలు, ఫిల్టర్లు మార్చే సాధారణ సర్వీసు వేరు. వాడకంలో అరిగే బ్రేక్ ప్యాడ్లు, వైపర్ల వంటివాటిని కూడా చేర్చుకునే పెద్ద ప్యాకేజీ వేరు. తయారీ లోపాలకు పూచీపడే వారంటీ వేరు. ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్లనే చాలా తగాదాలు పుడుతున్నాయి.

యజమాని మారితే ప్యాకేజీ కూడా వెంట వస్తుందా? అది ఒప్పంద పత్రాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ప్యాకేజీలు కారుతోపాటే సాగుతాయి, కొన్ని సాగవు. అమెరికాలో బి.ఎం.డబ్ల్యూ తన కొత్త కార్లతో ఉచితంగా ఇచ్చే నిర్వహణ రెండవ యజమానికి బదిలీ కాదు. కనుక అక్కడున్న బంధువు చెప్పిన మాటను ఇక్కడికీ, ఇక్కడి ఆనవాయితీని అక్కడికీ వర్తింపజేయరాదు. ఆర్.సి. పేరు మారినంత మాత్రాన ప్యాకేజీ దానంతటదే మారిపోయిందని కూడా అనుకోరాదు.

ఇప్పుడు అమ్మేవారి సంగతి చూద్దాం. దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, లోపలి తడిని గమనించి, దానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి మందలించిన వృత్తాంతం మనకు తెలిసిందే. ఆ వర్తకుడు "ధాన్యం పొడిగా ఉంది" అని చెప్పినట్లు ఆ హదీసులో లేదు. అడుగున ఉన్నది కనబడకుండా ఉంచాడు, అంతే. గడువు తీరిన ప్యాకేజీ గురించి తెలిసి కూడా మౌనం వహించడం ఆ తడిని అడుగున ఉంచడం లాంటిదే.

మరి అమ్మినవారికి నిజంగానే తెలియకపోతే? అప్పుడు పాపం ఉండదు, కాని బాధ్యత పోదు. ఫలానా సౌకర్యం ఉందన్న షరతు మీద బేరం జరిగి, తీరా అది లేదని తేలితే, హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కొన్నవారికి వస్తువును తిరిగి ఇచ్చే హక్కు ఉంటుంది. లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. ఇరువురూ మనస్ఫూర్తిగా అంగీకరించి కొంత సొమ్ముతో రాజీపడితే అదీ మంచిదే. అయితే అమ్మినవారు "నాకు తెలియదు, షోరూములో కనుక్కోండి" అని స్పష్టంగా చెప్పి ఉంటే, కనుక్కోకుండా కొన్నవారు ఆ పేరుతో తర్వాత నిందించడం న్యాయం కాదు.

సొమ్ము ముందే పుచ్చుకున్న కంపెనీకీ బాధ్యత ఉంది. ఆ సొమ్ము దాని చేతిలో అమానత్ వంటిది. తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని దివ్యఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో హెచ్చరించింది. ఒప్పందంలో ఉన్న పనిని కంపెనీ నిరాకరిస్తే హక్కు కోసం నిలబడటం తప్పు కాదు. నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వివాదం తలెత్తిన నాటి నుండి రెండేళ్ళలోపు కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అయితే ఇది కంపెనీలపైనా, వ్యాపారులపైనా నడిచే దారి. తన సొంత కారు అమ్ముకున్న మామూలు మనిషితో వివాదం వస్తే, ముందుగా నమ్మకస్తులైన పెద్దల సమక్షంలో కూర్చోవడమే మేలు.

ఇక అందరికన్నా కొన్నవారికి ఎదురయ్యే పరీక్ష సూక్ష్మమైనది. మోసపోయానన్న బాధలో మనిషి తన హక్కుకన్నా ఎక్కువ కోరతాడు. "అరిగిందని రాయకండి, తయారీ లోపమని రాయండి" అని సర్వీసు అడ్వైజర్‌ను బతిమాలుతాడు. వర్తించని భాగాన్ని కూడా బిల్లులో కలిపిస్తాడు. పెద్ద కంపెనీయే కదా, దానికేం లోటు అనుకుంటాడు. వాక్చాతుర్యంతో తన పక్షాన తీర్పు పొంది, తనది కాని దానిని తీసుకునేవాడు అగ్ని ముక్కను తీసుకుంటున్నాడని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. సాక్షాత్తు ప్రవక్త ఇచ్చిన తీర్పు సైతం పరాయి సొమ్మును మనకు హలాల్ చేయనప్పుడు, ఒక సర్వీసు రసీదు ఎలా చేయగలదు?

కనుక సోదరులారా! తగాదాకు దిగేముందు ఒక కాగితం తీసుకుని మూడు విషయాలు రాసుకోండి. ఒప్పందంలో ఏముంది? అమ్మినవారు స్పష్టంగా ఏమి చెప్పారు? మనం ఊహించుకున్నది ఏమిటి? మొదటి రెండింటిలో ఉన్నది మన హక్కు. మూడవది హక్కు కాదు. కొనబోయేవారైతే డబ్బు చెల్లించక ముందే ఛాసిస్ నంబరుతో అధీకృత షోరూములో విచారించి, ప్యాకేజీ గడువు, మిగిలిన సర్వీసులు, బదిలీ నిబంధన రాయించుకోండి. అప్పు వ్యవహారాలను రాసుకోమని బోధించే ఆయతు దివ్యఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనది. రాసుకోవడం అపనమ్మకం కాదు, రేపటి స్నేహానికి రక్షణ.

మనకు చెందినదాన్ని ధైర్యంగా అడిగే శక్తినీ, చెందనిదాన్ని సునాయాసంగా వదిలే మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.