తల కోసం పోటీ, అడుగున తాబేలు

క్షీరసాగర మథనం కథ మనందరికీ తెలుసు. కొండ కవ్వం, పాము తాడు, చివర్లో అమృతం. చిన్నపిల్లల కథే కదా అనిపిస్తుంది. కానీ భాగవతం అష్టమ స్కంధంలో మెల్లగా చదవండి, పైకి చెప్పని సంగతులు కనిపిస్తాయి.

మొదట విష్ణువు, దేవతలు వాసుకి తలవైపు పట్టుకున్నారు. అసురులు ఒప్పుకోలేదు. ఇంత చదువు, ఇంత గొప్ప పుట్టుక ఉన్నవాళ్లం, తోక పట్టుకోవాలా అన్నారు. స్వామి నవ్వి తల వదిలేశాడు. కథ ముందుకెళ్లిపోతుంది. కొన్ని శ్లోకాల తర్వాత వాసుకి నోళ్ల నుంచి మంటలు, పొగ. కమిలిపోయింది ఎవరు? తల కావాలన్నవాళ్లే. 'ఇది అహంకారానికి ఫలితం' అని అక్కడ రాసి లేదు. ఆ రెండిటికీ ముడి వేసుకోవాల్సింది మనమే.

యూదుల గ్రంథంలోనూ ఇలాంటి పద్ధతే ఉంది. యాకోబు అన్న బట్టలు, మేకపిల్లల తోలు వేసుకుని, చూపు మందగించిన తండ్రిని మోసం చేస్తాడు. ఏళ్ల తర్వాత కొడుకులు తమ్ముడి అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి, యాకోబునే మోసం చేస్తారు. మళ్లీ బట్టలే, మళ్లీ మేకే. కథ చెప్పేవాడు మాత్రం ఒక్క వ్యాఖ్యానం కూడా చేయడు. తీర్పు చెప్పేస్తే మనం విని మర్చిపోతాం. చెప్పకపోతే ఆ కథ మనల్ని వదలదు.

ఇప్పుడు మన సిక్కోలు దగ్గరి శ్రీకూర్మానికి వద్దాం. గర్భగుడిలో స్వామిది తాబేలు రూపం, పడమటి ముఖం. కూర్మావతారానికి ఇలాంటి గుడి చాలా అరుదు. ఆధారం లేక మందరగిరి మునిగిపోతుంటే స్వామి దాని కిందికి వెళ్లాడు. వీపు మీద అంత కొండ తిరుగుతుంటే దురద గోకినట్టు హాయిగా ఉందట! పైన తలా తోకా అని గొడవ జరిగింది. అడుగు చోటు కోసం మాత్రం ఎవరూ పోటీ పడలేదు.

ఆఫీసులోనూ అంతే కదా? డెమో ఇవ్వడానికి అందరూ రెడీ. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేపేవాళ్ల పేరు ఏ స్లైడ్‌లోనూ ఉండదు.

కానీ ఒక జాగ్రత్త. కూర్మం తనంతట తాను కిందికి వెళ్లింది, ఎవరూ తోయలేదు. ఇంట్లో అమ్మ మీదో, టీమ్‌లో జూనియర్ మీదో భారమంతా పడేసి 'నిష్కామకర్మ' అని పేరు పెడితే అది ధర్మం కాదు, మన బద్ధకం. అడుగున ఉండటం గొప్పే, కానీ అది మనం ఎంచుకోవాలి, ఇంకొకరి నెత్తిన పెట్టకూడదు.

మీ ఇంటి కొండ ఎవరి వీపు మీద తిరుగుతోంది? ఈ రోజు ఒక్కసారి కిందికి చూడండి.

జై శ్రీ కూర్మనాథ!