దానం చేయడానికి ఆ శ్రమ ఎవరిది?

'స్వచ్ఛందం' అనే మాట మనం రోజూ వాడుతుంటాం. స్వచ్ఛంద సంస్థ, స్వచ్ఛంద సేవ, స్వచ్ఛంద కార్యకర్త. 'స్వ' అంటే తన, 'ఛందం' అంటే ఇష్టం. ఎవరి బలవంతమూ లేకుండా తన ఇష్టం కొద్దీ చేసేదని అర్థం. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటల్ని తవ్వి చూసే అలవాటు నాకు పోలేదు. దాదాపు ఇదే అర్థంలోంచి పుట్టిన మరో రెండు మాటలున్నాయి మనకి: స్వైరిణి, స్వేచ్ఛాచారిణి. తన ఇష్టప్రకారం నడుచుకునే స్త్రీ అనే వాటి అర్థం. కానీ ఆ రెండూ తిట్లు. స్త్రీ తన ఇష్టంతో పదిమందికీ చాకిరీ చేస్తే స్వచ్ఛంద సేవకురాలు, అదే ఇష్టంతో తనకోసం బతికితే స్వైరిణి! ఆ ఇష్టం ఎవరికి ఉపయోగపడుతోందన్న దాన్నిబట్టే పొగడ్తా తిట్టూ విడిపోయాయి.

కాబట్టి స్త్రీలని స్వచ్ఛందంగా పనిచేయమని అడిగేటప్పుడు మనం నిజంగా అడుగుతున్నదేమిటి? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఆరేళ్లుగా హైదరాబాదులో మా కాలనీ, దాని పక్క బస్తీ కలిసి నడుపుకుంటున్న ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. పిల్లల లైబ్రరీ, తడిచెత్తతో ఎరువు, పాతచీరలతో సంచులు కుట్టడం, మిద్దెతోటలకి విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం... ఇవీ పనులు. జీతగాళ్లెవరూ లేరు, అందరం ఆదివారం వచ్చి పనిచేసేవాళ్లమే. ఎవరెప్పుడు రావాలో, ఏ పని చేయాలో రాసే రిజిస్టరు నా చేతిలో ఉంటుంది. దాన్ని ఒక సాహిత్య పాఠంలాగా చదవడం మొదలుపెట్టాక చాలా విషయాలు కనబడ్డాయి. మైకు, లెక్కలు, మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి మాట్లాడి రావడం దాదాపు ఎప్పుడూ మగవాళ్ల పేర్లకి ఎదురుగా ఉన్నాయి. చెత్త వేరుచేయడం, టీ పెట్టడం, చాపలు దులపడం, పిల్లల ముక్కులు తుడవడం ఆడవాళ్ల పేర్లకి ఎదురుగా ఉన్నాయి. ఎవరూ అలా పంచలేదు. 'ఎవరికి వీలైన పని వాళ్లు' అనే అనుకున్నాం. ఆ 'వీలు' ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం ఎవరం అడగలేదు.

ఆ వీలు ఇంట్లోంచి వస్తుంది. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, పురుషులు 88 నిమిషాలు. అదీ, అసలు ఇంటిపని చేసే పురుషుల లెక్క మాత్రమే. ఆదివారం ఒక మగవాడు ఇచ్చే రెండు గంటలు అతని విశ్రాంతి లోంచి వస్తాయి. ఒక స్త్రీ ఇచ్చే రెండు గంటలు ఆమె నిద్రలోంచి వస్తాయి, లేకపోతే అత్తగారికో కూతురికో బదిలీ అవుతాయి. రిజిస్టర్లో మాత్రం రెండూ 'రెండు గంటలు' అనే ఉంటాయి.

ఇక్కడ నాకు ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది. ముందు తన్ను తాను ఓడిపోయినవాడికి తర్వాత నన్ను పందెం ఒడ్డే హక్కెక్కడిది అని అడిగిందామె. తనది కానిదాన్ని ఎవరూ పణంగా పెట్టలేరన్నదే ఆ ప్రశ్నలోని తర్కం. దానానికీ అదే సూత్రం. మన ధర్మశాస్త్రాలు కూడా దానం అంటే తన స్వత్వాన్ని వదులుకుని ఎదుటివారికి స్వత్వం కలిగించడమనే చెప్పాయి. మరి 'శ్రమదానం' చేయాలంటే ముందు ఆ శ్రమ ఆమెది కావాలి కదా? తెల్లవారుజామునుంచి రాత్రి పడుకునేదాకా తన శ్రమ మొత్తం కుటుంబానిదేనని పుట్టినప్పటినుంచీ నేర్చుకున్న మనిషి దేన్ని దానం చేస్తుంది? ఒక యజమాని దగ్గర్నుంచి మరో యజమాని దగ్గరికి, ఇంటినుంచి సమాజానికి, ఆమె శ్రమ చేతులు మారుతుందంతే.

అలాగని స్వచ్ఛంద సేవ అంతా మోసమని తేల్చేయడానికి నా చదువు ఒప్పుకోదు. స్త్రీల చరిత్ర అంతకంటే క్లిష్టమైనది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడిన అమ్మాయి దుర్గాబాయి. అప్పటికి పధ్నాలుగేళ్ల పిల్ల. టికెట్ లేదని నెహ్రూ అంతటివాణ్ణి లోపలికి పోనివ్వకుండా ఆపింది. జీతంలేని ఆ పని ఆమెకి ఇచ్చినదేమిటి? ఒక మగవాణ్ణి, అందులోనూ నాయకుణ్ణి, గుమ్మం దగ్గర ఆపే అధికారం. ఇంట్లో ఏ ఆడపిల్లకీ దొరకనిది అది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు ఊరూరా వాలంటీర్లు రాత్రిబడులు నడిపారు. చదువుకోడానికి గడపదాటి ఒకచోట కూర్చున్న స్త్రీలు, పాఠంలో సారా గురించి చదివి, తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటనుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఎంతదూరం వెళ్లిందో మనకి తెలుసు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం 1997లో పోయింది. కానీ ఒకచోట కూర్చోవడం నేర్చుకున్న స్త్రీలు ఆ నేర్చుకున్నదాన్ని పోగొట్టుకోలేదు.

మా సంస్థలోనూ ఒక రిటైరైన టీచరుగారున్నారు. 'ఈ ఆదివారం ఒక్కటే నాది, దీనికి డబ్బులిస్తానంటే రానే రాను' అంటారావిడ. డబ్బు కలిస్తే ఆ రోజు కూడా ఎవరికో లెక్క చెప్పాల్సిన రోజైపోతుందని ఆవిడ భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. చాలామంది స్త్రీలకి 'సేవ' అనేది గడప దాటడానికి దొరికిన ఒకే ఒక్క సాకు.

కానీ ఆ సాకుని రాజ్యం ఎంత తెలివిగా వాడుకుందో కూడా చూడాలి. 1975లో ఐసిడిఎస్ మొదలైనప్పటినుంచీ అంగన్‌వాడీ కార్యకర్తలకి ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తలని వాలంటీర్లుగానే లెక్కగట్టి, చేసిన పనికింత అని ప్రోత్సాహకాలిచ్చింది. కోవిడ్ కాలంలో ఇల్లిల్లూ తిరిగిన ఈ ఆశాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డుతో సత్కరించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని చెప్పడానికి సుప్రీంకోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. గౌరవం ధారాళంగా దొరుకుతుంది, వేతనం కోసం మాత్రం రోడ్డెక్కాలి! ఈ పనులన్నీ పిల్లలకి తిండిపెట్టడం, గర్భిణుల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం, జబ్బుపడ్డవాళ్లని చూడడం. అంటే ఇంట్లో జీతం లేకుండా చేసేవే. అందుకే వీధిలో చేసినా అవి 'పని'లా కనబడవు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జన్మభూమిలో శ్రమదానం ఒక భాగం. దానం చేసేంత శ్రమ ఎవరి దగ్గర మిగిలి ఉందని అప్పుడూ ఎవరూ అడగలేదు.

మా సంస్థలో ఈ ప్రశ్న అడిగింది బస్తీలో ఉండే ఒకావిడ. నాలుగిళ్లలో పనిచేస్తుంది. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడంలో ఆమెకున్న నేర్పు మా ఎవరికీ లేదు. ఒక మీటింగులో, అందరి ముందూ అంది: "గదే పని మీరు జేస్తే సేవ, నేను జేస్తే కూలి. పైసలిస్తే ఈడ గూడ పనిమనిషినే ఐత. ఇయ్యకుంటే నా ఆదివారం కూలి వాయె. నేనేం గావాల్నో మీరే చెప్పున్రి మేడం."

దానికి జవాబుగా వచ్చిన మాటలు రెండు రకాలు. గంటకింత అని ఆమెకి ఇచ్చేద్దామన్నారు కొందరు. అందరం సమానమన్నప్పుడు ఒకరికే ఎలా ఇస్తామన్నారు ఇంకొందరు. మొదటి మాట ఆమెని కమిటీనుంచి వేరుచేసి కూలిమనిషిని చేస్తుంది. రెండో మాట, అసమానంగా బతికేవాళ్లని ఒకే తూకంలో వేసి దానికి సమానత్వమని పేరు పెడుతుంది. ఆమె ఆ రెంటినీ ముందే చూసేసింది. జీతమా, సేవా అన్న ఆ రెండే దారులు మనకి ఎవరిచ్చారన్నదే నిజానికి ఆమె ప్రశ్న.

మూడోదారి వెతుకుతున్నప్పుడు నాకు ఆసరా అయింది జహీరాబాదు ప్రాంతపు సంఘాల అనుభవం. 1983నుంచి అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి నడిచిన సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న చిన్న కమతాలవాళ్లు. 90ల మధ్యలో వాళ్లు తమ బీడు భూముల్ని సాగులోకి తెచ్చుకున్నారు. తమ పొలంలోనే దున్నడానికీ ఎరువుకీ కలుపుకీ డబ్బు సాయం తీసుకున్నారు. ఆ బాకీని కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో ఊరి ధాన్యనిధికి తీర్చారు. ఆ జొన్నల్ని కరువు నెలల్లో పేదింటివాళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు. ఎవరు పేదవాళ్లో ఆఫీసు కాగితాలు తేల్చలేదు, ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. విత్తనాల విషయంలోనూ అంతే. సంఘం దగ్గర తీసుకున్నదానికి పంటొచ్చాక ఎక్కువ కలిపి విత్తనాలే తిరిగివ్వాలి. డబ్బు ప్రసక్తి లేదు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద సాగే పాత పంటల జాతర, 2008 అక్టోబర్ 15న మాచునూరులో మొదలైన సంఘం రేడియో, 2019లో వచ్చిన ఈక్వేటర్ అవార్డు... ఇవన్నీ బయటి ప్రపంచానికి కనబడిన విషయాలు. నాకు ముఖ్యమనిపించింది వాటి వెనకున్న లెక్క. అక్కడ పేదరాలిని ఎవరూ ముందు దానం చేయమని అడగలేదు. ముందు ఆమె పొలం, ఆమె గింజ, ఆమె నిర్ణయం ఆమెవి అయ్యాయి. ఆ తర్వాతే ఆమె ఇవ్వగలిగింది. ఇచ్చినదానికి ఆమెకి సంఘంలో మాట దక్కింది. తను దాచిన గింజ రేపు తన వాకిట్లోకే రావొచ్చని కూడా ఆమెకి తెలుసు.

పల్లెలో పొలం చుట్టూ పుట్టిన పద్ధతిని నగరపు కాలనీకి అతికించడం కుదరదు. అయినా అందులోంచి మేం కొన్ని విషయాలు తీసుకున్నాం. సంస్థ దగ్గరున్న నిధిలో కొంతభాగాన్ని 'పోయిన కూలి' కింద విడిగా పెట్టాం. పనికి వచ్చినందుకు ఆ రోజు ఆదాయం పోగొట్టుకున్నవాళ్లెవరైనా, కారణం చెప్పుకోకుండా, దాన్ని తీసుకోవచ్చు. పనికి కట్టే ధర కాదది. రాగలగడానికి అయ్యే ఖర్చు. చెత్త, టీ, చాపలు వంతుల ప్రకారం అందరికీ వస్తాయి. మైకూ లెక్కలూ కూడా అంతే. పనిచేసేవాళ్లే కమిటీలో ఉంటారు. రాలేనివాళ్లకి లైబ్రరీ పుస్తకమూ ఎరువు బస్తా ఆగవు.

దీంతో అంతా చక్కబడిందని చెప్పను. వంతుల పద్ధతి వచ్చిన మూడునెలల్లో ఇద్దరు పెద్దమనుషులు 'సేవాభావం పోయింది' అని మానేశారు. పోయిన కూలి తీసుకోవడానికి కొందరు స్త్రీలు ఇప్పటికీ సిగ్గుపడుతున్నారు. టీచరుగారు ఒక్కరూపాయి ముట్టుకోలేదు, ముట్టుకోనవసరం లేదు కూడా. ప్రశ్న అడిగినావిడ కమిటీలోకి వచ్చింది. కొన్ని ఆదివారాలు వస్తుంది, కొన్ని ఆదివారాలు ఇంట్లో పడుకుంటుంది. ఎందుకు రాలేదని ఎవరూ అడగకూడదన్న నియమం ఆమె పెట్టించిందే.

ఆ నియమం చిన్నదిగా కనబడుతుంది గానీ, నాకు మొత్తం విషయమంతా అందులోనే ఉందనిపిస్తుంది. ఒక పని స్వచ్ఛందమో కాదో తేల్చడానికి దానికి జీతముందా లేదా అని చూడడం చాలదు. ఆ పనిచేసే మనిషి 'ఈరోజు నేను రాను' అనగలదా, అన్నాక కూడా ఆమె చోటు ఆమెకి ఉంటుందా అని చూడాలి. ఇంట్లో వంట మానేస్తానంటే ఉండే చోటు పోతుందన్న భయమున్నంతకాలం ఆ వంట ఎంత ప్రేమగా చేసినా స్వచ్ఛందం కాదు. ఆశా కార్యకర్త ఒక ఇల్లు తిరగనంటే ఆ నెల ప్రోత్సాహకం కోసేస్తే అది సేవా కాదు, ఉద్యోగమూ కాదు. రెంటిలోని కష్టాలు మాత్రమే ఆమెవి.

పర్యావరణాన్ని కాపాడాలి, సమాజాన్ని నిలబెట్టాలి అనే సంస్థలన్నీ 'సుస్థిరత' గురించి చాలా మాట్లాడుతుంటాయి. నేలనుంచి తీసినంత మళ్లీ నేలకి పెట్టకపోతే పండదని మనకి తెలుసు. స్త్రీల నిద్ర లోంచి తీసిన గంటల మీద నడిచే సంస్థ మాత్రం ఎన్నాళ్లు పచ్చగా ఉంటుంది? మన పత్రికలు, మన సభలు, మన స్త్రీవాద బృందాలు కూడా చాలావరకు ఇలాంటి గంటల మీదే నడిచాయి. వాటి రిజిస్టర్లు కూడా ఒకసారి తెరిచి, ఎవరి పేరుకి ఎదురుగా ఏ పని ఉందో చదివితే బాగుంటుంది.