బంగారం లండన్‌కు, కర్మ పల్లెకా?

తెల్లారి మంచం దిగే ముందు, కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని వేడుకునే ఆచారం తెలుగిళ్లలో ఇంకా ఉంది. అడుగు వేసినందుకే క్షమాపణ అడగాలంటే, మూడు కిలోమీటర్ల లోతుకు తవ్వినవాడు ఎంత బాకీ పడతాడు?

కోలార్ బంగారు గనుల్లో (కేజీఎఫ్) 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ దిగింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. నీళ్లు పాలారు మీది బేతమంగళం చెరువు ఇచ్చింది. గనిలోకి దిగినవాళ్లలో ఎక్కువమంది తమిళ దళితులు, చిత్తూరు వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. సుమారు 800 టన్నుల బంగారం తీశాక, 2001 ఫిబ్రవరి 28న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూసేసింది. ఆ కార్మికుల పిల్లలు ఎందరో ఇప్పుడు రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు.

బంగారం తీశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బలు మాత్రం అక్కడే ఉన్నాయి. మూడు కోట్ల టన్నులకు పైబడిన ఆ మట్టి గాలికి లేచి చుట్టుపక్కల పొలాల మీద పడుతుంది, వానకు కరిగి చెరువుల్లో దిగుతుంది. ఆ పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. గనిలో ఏనాడూ పలుగు పట్టని రైతు ఆ దుమ్ము పీలుస్తున్నాడు.

దీన్ని ఊరి కర్మ అని సరిపెట్టడం అన్యాయం. చేసినవాడే ఫలం అనుభవించాలన్నది కర్మ సిద్ధాంతానికి పునాది. ఇక్కడ లాభం దశాబ్దాల పాటు లండన్ వాటాదారులకు చేరింది, నష్టం ఏమీ చేయనివాడి వాకిట్లో పడింది. అంటే ఇది కర్మ కాదు, ఎగ్గొట్టిన అప్పు. దేవ, ఋషి, పితృ రుణాలు మనిషికి పుట్టుకతోనే వస్తాయని శాస్త్రం. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం సాటి ప్రాణులకు చెల్లించాల్సిన బాకీ. పుట్టినందుకే ఇన్ని రుణాలుంటే, కాగితం రాసి భూమిని తీసుకున్న కంపెనీకి, అనుమతిచ్చిన సర్కారుకు రుణం లేకుండా పోతుందా?

ఏలూరు వాసులకు ఇది దూరపు కథ కాదు. కొల్లేరు సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి. చాలాచోట్ల చెరువు నడిపే సహకార సొసైటీ పేదలది, పెట్టుబడి బయటివాళ్లది. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టారు. పెట్టుబడిదారు మరో చోట చెరువు తవ్వుకోగలడు. వలే ఆధారమైన వడ్డివాళ్లు ఎక్కడికి పోతారు? కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కు బాకీ పడితే నిద్రపట్టని ఊళ్లివి. ఆ అమ్మ చుట్టూ ఉన్న నీటి బాకీ కూడా అంతే గట్టిగా అడగాలి.

గనులకు మూసివేత ప్రణాళిక, దానికి ఆర్థిక హామీ తప్పనిసరి చేస్తూ 2003లో నిబంధనలు వచ్చాయి. కేజీఎఫ్ మూతపడి అప్పటికే రెండేళ్లు. చేపల చెరువుకైనా, ఫ్యాక్టరీకైనా అనుమతి పత్రం ఇచ్చే రోజే నేలను బాగుచేసే సొమ్ము ముందుగా కట్టించాలని కొల్లేటి గ్రామసభలు తీర్మానం చేయాలి.