తక్కువ తిరిగిన ఇల్లు

పాత కారవాన్ కొందామని బయలుదేరినవాడు ధర కంటే ముందు ఒక పొగడ్త వినాలి. "పెద్దగా తిరగలేదు సార్." హైదరాబాదు దళారీ ఇదే అంటాడు, బెంగళూరు యజమానీ ఇదే అంటాడు. ఇంకాస్త ఉత్సాహం వస్తే స్టవ్వు ముట్టించనేలేదనీ, బాత్‌రూము ఎవరూ వాడలేదనీ, పరుపు మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదనీ చెబుతారు. వినే మనమూ సంతోషపడతాం.

అదే మాట ఒక ఇంటి గురించి చెబితే? మా కర్నూలు బి-క్యాంపులో ఒక ఇల్లు బేరానికి వచ్చిందనుకుందాం. (ఈ క్యాంపుల పేర్లు కర్నూలు రాజధానిగా ఉన్ననాటివి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇక్కడ కార్యాలయాలే గుడారాల్లో నడిచాయి. మూడేళ్లకు ఆ సంసారమంతా మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు పోయింది.) ఇల్లు కట్టి ఏడేళ్లయింది, ఇంతవరకూ ఎవరూ కాపురం చేయలేదు, పొయ్యి వెలిగించలేదు అంటే మనం గడప తొక్కుతామా? పక్కింటివాళ్లను పక్కకు పిలిచి అడుగుతాం. వాస్తు చూసేవాణ్ని వెంటబెట్టుకుపోతాం. చివరికి సగం ధరకు అడుగుతాం. ఆ ఇంటికే చక్రాలు తగిలిస్తే మాత్రం లోపం కాస్తా గుణమై, ఇంకో రెండు లక్షలు ఎక్కువ పలుకుతుంది.

నన్ను తొలుస్తున్నది ఇదే. నేను కొనబోయేది బండా, ఇల్లా? బండి అయితే తక్కువ తిరిగింది మేలు. ఇల్లయితే ఎక్కువమంది తిని, పడుకుని, పోట్లాడుకున్నది మేలు. మీటరు మీద ఉన్నది మాత్రం ఒకే అంకె.

మా మెకానిక్‌కు ఈ బాధ లేదు. నిలబెట్టిన బండిని నమ్మొద్దంటాడు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడమంటాడు: మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి, పక్కగోడలు మాత్రం బీటలు పట్టి ఉంటాయి. చార్జింగు లేకుండా పడున్న బ్యాటరీ లోపలే చచ్చిపోతుంది. పైకప్పు అతుకుల్లో పూసిన సీలెంటు మా ఎండలకు ఎండి పగిలితే, తొలి వానకే నీళ్లు దిగి లోపలి ప్లైవుడ్డు ఉబ్బుతుంది. కంటికి కనపడదు, బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగబడుతుంది. బాత్‌రూము పక్క నేల మీద మడమతో తొక్కి చూడాలి. తలుపు తీయగానే వచ్చే మొదటి వాసనను నమ్మాలి, ఏసీ వేశాక వచ్చేదాన్ని నమ్మకూడదు. ఇక కాగితాలు. మామూలు వ్యానుకు మంచాలూ సింకులూ బిగించి, ఆర్సీలో ఆ సంగతి ఎక్కించని బళ్లు బజార్లో ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద అవి రేపు మన మెడకు చుట్టుకుంటాయి.

అంటే తిరగకపోవడం బండికి కూడా మేలు కాదన్నమాట. దాంతో నా సందేహం తీరిపోవాలి. తీరలేదు. బండిగా చూసినా ఇల్లుగా చూసినా మంచిది కాని విషయాన్ని అమ్మేవాడూ కొనేవాడూ కలిసి ఎందుకు మెచ్చుకుంటున్నట్టు?

ఎందుకు అమ్ముతున్నారని అందరినీ అడిగాను. వాడటం కుదరడం లేదన్నారు. రిటైరైనవాళ్లు, వ్యాపారం కొడుక్కు అప్పజెప్పినవాళ్లు. మొదటిసారి గండికోట పోయుంటారు, పెన్నా లోయ అంచున కుర్చీలు వేసుకుని ఫొటో దిగుంటారు. ఆ తర్వాత మోకాళ్లు, మనవళ్ల పరీక్షలు, డ్రైవరు దొరకకపోవడం. ఒక్కో బండిలోకీ ఎక్కి సోఫాను మంచంగా మార్చి చూస్తుంటే నాలాంటివాడు ఒకడు ఎక్కడ ఆగిపోయాడో చూసినట్టు ఉంటుంది.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన చక్రాల ఇల్లు ఒకటుంది. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును బాగుచేయించి చైతన్యరథం చేసుకున్నారు. కొడుకు హరికృష్ణ నడిపారు. తిండీ నిద్రా అందులోనే, స్నానం రోడ్డు పక్కన. మరుసటి ఏడు జనవరిలో రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. అదీ సెకండ్ హ్యాండే. దాని మీటరు ఎంతని ఎవరైనా అడిగారా? కానీ ఆయనకు పోవలసిన పని ఉంది. నాకేం పని ఉంది? అరకు చూడకపోతే నాకు ఓట్లు తగ్గవు. పని ఉన్నవాడి బండి తిరుగుతుంది, సరదా ఉన్నవాడి బండి నిలబడుతుంది అని ఇక్కడే ముగించేయవచ్చు. పని మీద ఇల్లంతా ఎత్తుకుని పోయేవాళ్లను నేను చూడకపోయుంటే అలాగే ముగించేవాణ్నేమో.

కోసిగి మండలంలో ఒక పల్లె బడిలో పనిచేసిన రోజులవి. దీపావళి దాటితే హాజరుపట్టీ పలచబడేది. కర్నూలు పడమటి పల్లెలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరప కోయడానికి ఇళ్లకు ఇళ్లే కదులుతాయి. వానలు సరిగా పడని ఏడు మరీ. ఒకనాటి పొద్దున నా ఏడో తరగతి పిల్ల ఒకతె లారీ మీద మూటల నడుమ కూర్చుని కనపడింది. బియ్యం మూటలు, జొన్నపిండి డబ్బా, ట్రంకుపెట్టె, చుట్టచుట్టిన టార్పాలిన్, వెదురు బొంగులు, బోర్లించిన గంప కింద రెండు కోళ్లు. కుక్క లారీ చుట్టూ తిరుగుతోంది, దాన్ని ఎక్కించుకోవాలా వద్దా అని ఎవరూ తేల్చలేదు.

పిల్లను సీజనల్ హాస్టల్లో వదిలిపొమ్మని వాళ్లమ్మతో వాదానికి దిగాను. ఆమె గిన్నెలు సర్దుతూనే ఉంది.

"ఈడ ఎవురుండారు సార్ దానికి? ఇల్లంతా ఈ లారీలోనే ఉండాది" అంది.

ఆ మాట నాకు చాన్నాళ్లు గుర్తుండిపోయింది. ఇల్లంటే గోడలు కాదు, మనుషులూ గిన్నెలూనని మేష్టర్లకు ఇష్టమైన పాఠం దానికి అల్లి ఒకటి రెండు సభల్లో చెప్పాను కూడా. చప్పట్లు పడ్డాయి. ఇప్పుడు ఈ బళ్ల వెంట తిరుగుతుంటే ఆ పొద్దుటి మిగతా భాగం ముందుకొస్తోంది. సామాను ఎక్కించాక ఆమె వెనక్కి పోయింది. రెండు గదుల స్లాబు ఇల్లు. ముందు గోడకే ఆకుపచ్చ సున్నం, పక్కగోడలకు సిమెంటు పూత కూడా లేదు. మిరప డబ్బులతో కట్టింది. వాకిలి ఊడ్చి, తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి ఎదురింటి ముసలామె చేతిలో పెట్టి, "శుక్రారం శుక్రారం గడపకాడ ఇంత దీపం పెట్టవ్వా" అంది. ఉగాది దాకా ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ వీధిలో చాలా తలుపులకు అప్పటికే తాళాలు పడి ఉన్నాయి.

ఉగాదికి పిల్ల తిరిగొచ్చింది. చేతివేళ్లు మిరప ఘాటుకు పొట్టులేచి ఉన్నాయి. అక్కడ ఎలా ఉండేవాళ్లని అడిగితే చేలగట్టున టార్పాలిన్ కింద పడుకోవడం, రాత్రి చలి, దోమలు, అన్నీ చెప్పింది. తర్వాత నవ్వుతూ అంది: "మాయమ్మ ఆడ రోజూ రాత్రి ఇల్లు కడతాంటాది సార్." పండుకునే ముందు వెనకగోడకు పూత ఎంతవుతుంది, కొళాయి ఎక్కడ పెట్టాలి, కిటికీ తూర్పుకా ఉత్తరానికా అని మొగుడితో లెక్కలేసేదట. అతను నిద్రపోతే పిల్లతో వేసేదట.

లారీలో ఉన్నది ఇల్లయితే రాత్రుళ్లు ఆమె కట్టింది దేన్ని? ఎవరూ కాపురం లేని ఆ తాళమేసిన ఇల్లే వాళ్లను అంతదూరం పంపింది, మళ్లీ వెనక్కి తెచ్చింది. నేను బి-క్యాంపు ఉదాహరణ చెప్పి ఎగతాళి చేసిన వాడని ఇల్లు అక్కడ ఒక సంసారాన్ని నడిపింది.

బెంగళూరు యజమాని ఒకాయన బేరం మధ్యలో కాస్త సిగ్గుపడుతూ చెప్పిన మాట ఒకటుంది. ప్రతి ఆదివారం పొద్దున బండి స్టార్ట్ చేసి, ఎక్కడికీ కదలకుండా, అందులోనే కూర్చుని కాఫీ తాగి పేపరు చదువుతాడట. భార్యకు అది పిచ్చిగా కనపడిందట. అప్పుడు నాకూ అలాగే అనిపించింది, లోపల ధర ఇంకో యాభై వేలు తగ్గించుకున్నాను కూడా. ఇప్పుడు ఆ ఆదివారాలు మీటరు మీద ఎందుకు పడలేదా అని ఆలోచిస్తున్నాను. కదలని బండిలో ఆయన ఏటేటా లడాఖ్ పోయుండవచ్చు.

ఈ పోలిక నాకు హాయిగా ఉంది కాబట్టే దీని మీద అనుమానం. ఆమె ఉండలేక పోయింది, ఈయన పోలేక ఉన్నాడు. వినడానికి చక్కగా జత కుదిరింది. కానీ ఒకరిది నీళ్లు రాని ఊరు, ఇంకొకరిది నూరు లీటర్ల మంచినీళ్ల ట్యాంకున్న బండి. ఆ తల్లికి ఈ జత సంగతి చెబితే నవ్వుతుంది, నవ్వకపోతే తిడుతుంది. సుగ్గి మూటను తీసుకొచ్చి నా సోఫా కమ్ బెడ్ పక్కన పెట్టుకునే హక్కు నాకు ఎవరిచ్చారు? ఆమె కథలో నాకు పనికొచ్చేది ఒక్కటే: ఎంత వాడారన్నది చూసి ఒక ఇల్లు బతికిందో లేదో చెప్పలేం. అది తెలిశాక తక్కువ తిరిగిందన్న పొగడ్తా పోయింది, నా వెటకారమూ పోయింది. ఏ బండి కొనాలో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు.

కడప వైపు ఇంకో బండి ఉంది. బాగా తిరిగింది. అలమర తలుపు లోపల పెన్సిలుతో ఎవరో పిల్లవాడి ఎత్తు ఏటేటా గీసిన గీతలున్నాయి. స్టవ్వు పక్కన చమురు మరక. చూడగానే నాకు మనసైంది. మెకానిక్ ఇంజను కిందికి దూరి బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. బాత్‌రూము తలుపు పడటం లేదని మా ఆవిడ కనిపెట్టింది. పైగా ఆ గీతలు నావి కావు. వేరేవాళ్ల కాపురానికి అంత డబ్బు పోయడంలో కూడా ఏదో తిరకాసు ఉంది.

చివరికి బెంగళూరాయనకే ఫోన్ చేశాను. ధర మాట తర్వాత, ముందు మీ పెరట్లోనే, బండి కదల్చకుండా, ఒక రాత్రి అందులో పడుకోనిస్తారా అని అడిగాను. ఎందుకని అడిగాడు. నాకూ సరిగా తెలియదన్నాను. కాసేపాగి ఒప్పుకున్నాడు. జనరేటరు డీజిలు ఖర్చు నాది, పొద్దున కాఫీ ఆయనది, ఆ కాఫీకి ఆయనా బండిలోకి వస్తాడు.

మా ఆవిడకు చెబితే, "అయితే మీరూ ఆయనా పండుకోండి. నేను జయనగర్లో మా చెల్లెలింట్లో ఉంటా" అంది.