కొట్టిన చెట్టు బాకీ ఎవరిది?

చిట్టమూరు మండలంలో, పులికాట్ సరస్సు వైపు, మా ఊరి ఉప్పుకాలువ పక్కన ఒక చిట్టడవి ఉండేది. బలుసు, కలివి, పాల, మొగలి పొదలు, కాలువ అంచున నాలుగు మడ చెట్లు. ఎవరి పట్టాలోనూ లేని నేల. మా యానాదులకు వంటచెరకు అక్కడే, మందాకు అక్కడే, పనుల్లేని నెలల్లో పిల్లల నోట్లోకి నాలుగు పండ్లు అక్కడే. ఒక వేసవిలో రెండు రోజుల్లో పొక్లెయిన్ దాన్ని చదును చేసింది. రొయ్యల గుంట కోసం. అనుమతి లేదని తర్వాత తేలింది. జరిమానా కట్టించారు. గట్టు మీద రోడ్ల పక్కన పెంచే మొక్కలు వరసగా నాటించి ఫొటో తీసుకున్నారు. లెక్క సరిపోయిందన్నారు.

మా అవ్వ వెళ్లి చూసొచ్చి ఒకటే అడిగింది: "చెట్లు పెట్టినారు సరే అబ్బయా, మా పొద యాడ పెట్టినారు?"

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. పోగొట్టినదాన్ని తిరిగి ఇవ్వడమంటే ఏమిటి? చెట్టుకు చెట్టు లెక్కపెట్టి ఇస్తే ఇచ్చినట్టేనా?

చట్టాలు లేక కాదు. 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి అడుగుతుంది, బదులు నాటమంటుంది. 2019 తీర ప్రాంత నోటిఫికేషన్ ప్రకారం, నిర్మాణాల వల్ల మడ అడవి పోతే, పోయినదానికి కనీసం మూడింతల విస్తీర్ణంలో మడ పెంచాలి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో సుమారు 100 ఎకరాల్లో చెట్లు కొట్టినప్పుడు సుప్రీంకోర్టు పనులు ఆపించి, ఆ నేలను మళ్లీ ఎట్లా పచ్చగా చేస్తారో చెప్పమని తెలంగాణ ప్రభుత్వాన్ని నిలదీసింది. అంతకు చాలా ముందే, 1996 డిసెంబర్‌లో, రొయ్యల చెరువుల కేసులో అదే కోర్టు ఒక మంచి మాట చెప్పింది. చెడగొట్టినవాడు నష్టపోయిన మనుషులకు పరిహారం ఇస్తే చాలదు, చెడిన ప్రకృతిని బాగుచేసే ఖర్చూ భరించాలి అని. ఆ తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువులకు రిజిస్ట్రేషన్ దారి తెరిచింది. చెరువులు మిగిలాయి. తీర్పులోని ఆ న్యాయం మాత్రం పాతబడలేదు.

అయితే మన వైపు నుంచి కూడా నిజం చెప్పుకోవాలి. ఆ రెండు రోజులు మిషన్ ముందు కత్తి పట్టుకుని పొదలు నరికినవాళ్లలో మా బావ ఉన్నాడు. అడిగితే అన్నాడు: "నేను కొడితే తప్పు, కొట్టకుంటే పస్తు. నువ్వే చెప్పు బామ్మర్దీ." నా దగ్గర జవాబు లేకపోయింది. కత్తి పట్టిన చెయ్యి మనది కాబట్టి బాకీలో మనకూ వాటా ఉందా?

ఉందనే అంటాను. కానీ రెండు వాటాలూ ఒకటి కావు. లాభం తిన్నవాడు డబ్బు బాకీ పడ్డాడు. కూలికి పోయినవాడు పని బాకీ పడ్డాడు. అతను తన నేల మీద తన చేత్తో మళ్లీ నాటాలి, దానికి కూలి లాభం తిన్నవాడి నుంచి రావాలి. ఇద్దరికీ ఒకే జరిమానా రాస్తే అది సమానత్వం కాదు. 1996 తీర్పు కూడా మూతపడే చెరువుల్లోని పనివాళ్లకు పరిహారం ఇవ్వమంది. పేదవాడి పొట్టకొట్టి అడవిని కాపాడలేమని ఆనాడే తెలుసు.

ఇంకో చిక్కు ఉంది. మన సొంత మొక్క ఏది? సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చింది. సరుగుడు కూడా ఈ నేలది కాదు. కానీ తుమ్మ బొగ్గు మీద, సరుగుడు తోపుల కూలి మీద బతికే ఇళ్లు మనలో ఎన్ని లేవు? "పరాయి మొక్క పీకెయ్యండి" అని ఒక్కసారిగా అంటే ముందు ఆరేది ఆ పొయ్యిలే. కాబట్టి ఒక్కో తుంటగా తీసి, తీసిన చోట బలుసు, పాల, కానుగ నిలబడ్డాకే తర్వాతి తుంటకు పోవాలి. మడ చెట్టు సంగతి ఇంకా వేరు. గట్టు అడ్డం ఉండగా ఎన్ని మొక్కలు గుచ్చినా బతకవు. ముందు ఉప్పునీటి పోటుకు దారి ఇవ్వాలి. కృష్ణా, గోదావరి మడ అడవుల్లో చేప ముల్లులా కాలువలు తవ్వి నీరు పారించాకే మొక్క నిలిచింది.

ఇవన్నీ ఎవరికి తెలుసు? శ్రీహరికోట అడవిలో తేనె, మూలికలు, చిల్లగింజలు ఏరిన మన పెద్దలకు తెలుసు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక చాలా కుటుంబాలు దాన్ని వదిలి వచ్చాయి. అడవి అక్కడే ఉంది, దాన్ని చదవగలిగినవాళ్లు బయట ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం, అడవిని కాపాడే, మళ్లీ పెంచే హక్కు ఆ అడవి మీద బతికే సమాజానికి ఉందంటుంది. ఏజెన్సీలో లేమని మనం ఆ హక్కును మరిచిపోకూడదు.

అందుకే మన గ్రామసభలో పెట్టదగ్గ కట్టుబాట్లు నాలుగు చెబుతాను. కొట్టినచోటే నాటాలి. ఏం నాటాలో ఆ పొద వాడుకున్న ఆడవాళ్లు చెప్పాలి. ఖర్చు లాభం తిన్నవాడిది, పని మనది. ఫొటో తీసిన రోజున కాదు, పిల్లలు మళ్లీ పండ్లు కోసుకున్న రోజున బాకీ తీరినట్టు రాయాలి.

మా అవ్వ ఇప్పుడు లేదు. పోయిన వానల్లో మా బావ, నేను కలిసి కాలువ గట్టున కలివి గింజలు వేశాం. కూలి ఎవరూ ఇవ్వలేదు. కొన్ని మొలిచాయి. మేకలు తినకుండా ముళ్లకంప కట్టింది బావే.