డాల్టన్‌లోనే ఎందుకు?

వాదించుకున్నది ఇద్దరు: అట్లాంటా నుంచి సెలవులకొచ్చిన అబ్బాయి, కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన వాళ్ల పిన్ని. నేను పక్కన కూర్చుని విన్నాను. రాసేటప్పుడు కొంత కత్తిరించాను.

"పిన్నీ, అట్లాంటా నుంచి చట్టనూగా వెళ్లే దారిలో డాల్టన్ అని చిన్న ఊరుంది. అమెరికా కార్పెట్లలో సింహభాగం ఆ చుట్టుపక్కలే తయారవుతుంది. రేవు లేదు, రాజధానీ కాదు. అక్కడే ఎందుకు?"

"ఓ పెళ్లి కానుక వల్ల. 1895లో కేథరిన్ ఎవాన్స్ అని, పదిహేనేళ్లు నిండీ నిండని పిల్ల, దుప్పటికి దారపు కుచ్చులు కుట్టి పెళ్లిలో ఇచ్చింది. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నేర్చుకున్నారు. కొన్నాళ్లకి ఆ కుట్టుకి మిషన్లొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే పద్ధతిలో కార్పెట్లు మొదలెట్టారు. మగ్గాల మీద నేసే ఉత్తరాది కంపెనీలు ఆ ధరకి తట్టుకోలేకపోయాయి. ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ 1991లో వేసిన చిన్న పుస్తకంలో ఈ కథ ఉంది."

"అంటే ఆ పిల్ల ఇంకో ఊళ్లో ఉండుంటే?"

"కార్పెట్లు ఆ ఊరివయ్యేవి."

"ఇది శాస్త్రమా, జాతకమా?"

"మొదలవడం కాకతాళీయమే. నిలబడటానికి కారణాలున్నాయిరా. ఆర్థికవేత్త రికార్డో 1817లో చెప్పింది గుర్తుందా? పోర్చుగల్ ద్రాక్షసారా, ఇంగ్లండ్ బట్ట. ఎవరికి అనువైనది వాళ్లు చేసి మార్చుకుంటారు. మరి జర్మనీ ఫ్రాన్సుకి కార్లమ్మి, ఫ్రాన్సు నుంచి మళ్లీ కార్లే కొనడమేమిటి? క్రుగ్‌మన్ 1979లో పట్టుకున్నది అదే. ఎక్కువ చేసేకొద్దీ ఒక్కోదానికి ఖర్చు తగ్గుతుంది, కాబట్టి ఒక్కో రకం కారు ఒక్కో దేశంలో చేసి మార్చుకుంటారు, అంటే ఒక్కో రకానికి ఫ్యాక్టరీ ఒకచోటే పెట్టాలి. ఎక్కడ? కొనేవాళ్లు ఎక్కువున్నచోట, రవాణా కలిసొస్తుంది. కొనేవాళ్లెక్కడుంటారు? జీతాలున్నచోట, అంటే ఫ్యాక్టరీలున్నచోట. రవాణా మరీ ఖరీదైతే ఏ ఊరి సరుకు ఆ ఊళ్లోనే తయారవుతుంది. అది చౌకయ్యేకొద్దీ అందరూ ఒకచోట పోగవుతారు. 2008లో ఆయనకి నోబెల్ ఇచ్చింది ఈ రెండిటికీ కలిపే, వ్యాపారానికీ చోటుకీ."

(ఇక్కడ పిన్ని ఆర్థికవేత్త మార్షల్‌ని చాలాసేపు పొగిడింది. 1890లోనే ఆయన ఇలాంటి ఊళ్లకి మూడు బలాలు చెప్పాడు: పని తెలిసిన మనుషులు, వాళ్లకి సామాను అందించేవాళ్లు, ఒకరి కిటుకు ఇంకొకరికి తెలిసిపోవడం. నా మట్టుకు మూడోదే అసలు బలం. లెక్కకి అందనిది కూడా అదే.)

"అయితే హిరోషిమా సంగతేమిటి పిన్నీ? మొత్తం బూడిదైంది. నీ లెక్కన జనమంతా వేరే ఊళ్లో పోగవ్వాలి కదా."

"అవ్వలేదు. డేవిస్, వైన్‌స్టీన్ అనే ఆర్థికవేత్తలు 2002లో 114 జపాన్ నగరాల లెక్కలు తీశారు. బాంబులు పడ్డ ఊళ్లు చాలావరకు యుద్ధం ముందటి స్థానానికే తిరిగొచ్చాయి. హిరోషిమాకి ఇంకాస్త ఎక్కువ కాలం పట్టింది, అంతే."

"చూశావా! నది, సముద్రం, నేల. ఊరి రాత ముందే రాసుంది."

"నది వల్లే వచ్చారని ఎలా అంటావు? బతికినవాళ్లకి అక్కడ జాగా ఉంది, చుట్టాలున్నారు. మిగతావాళ్లూ వస్తారన్న నమ్మకం ఉంది. జనాభా లెక్కల్లో ఈ కారణాలు విడివిడిగా కనపడవు."

ఈ మాట అబ్బాయి ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. అప్పుడు పిన్ని జర్మనీని తెచ్చింది.

"యుద్ధానికి ముందు అక్కడి విమానాల కూడలి బెర్లిన్. దేశం చీలాక ఆ స్థానం ఫ్రాంక్‌ఫర్ట్‌కి పోయింది. 1990లో దేశం ఒకటైంది, కూడలి మాత్రం తిరిగి రాలేదు. రెడింగ్, స్టర్మ్, వోల్ఫ్ దీని మీద 2011లో ఒక పరిశోధన వేశారు. రెండు నగరాల అనుకూలతల్లో తేడా స్వల్పమే, మళ్లీ మారడానికయ్యే ఖర్చే పెద్దదన్నారు. హిరోషిమాకి జనం వెంటనే రావడం మొదలెట్టారు. బెర్లిన్ తెగిపోయింది నలభై ఏళ్లు. ఈలోగా రన్‌వేలు, కంపెనీలు, ఉద్యోగులు అన్నీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాతుకుపోయాయి."

"మరి మన ప్రభుత్వాలు భూమిచ్చి, పన్ను మినహాయించి పరిశ్రమల్ని పిలుస్తాయే? వృథాయేనా?"

"పిలవడం తప్పు కాదు. మినహాయింపు గడువు తీరాక కంపెనీ కదలకుండా ఉండాలంటే, ఆ ఊళ్లో అది వదులుకోలేనిది తయారవ్వాలి: పనివాళ్లు, విడిభాగాలు చేసే షెడ్లు. దానికి ఓపిక పట్టాలి. కట్టడం ఒక్కటే చాలదు."

"గట్టిగా డబ్బు పెడితే ఎందుకు రాదు? బెర్లిన్‌కి 2020లో కొత్త విమానాశ్రయం తెరిచారుగా."

"తెరిచారు. దూరదేశాల విమానాలు ఇప్పటికీ ఎక్కువగా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దిగుతున్నాయి."